చల్లారేదాకా కూర్చున్న మునియప్ప మామ

నిన్న ఉదయం బంగారుపేటలో ఒకరింటి ముందు నిలబెట్టిన కారులోంచి ఆయిల్ చూసే కడ్డీ బయటికి లాగి, దాని చివర అంటిన నూనెను రెండు వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాను. మాడు వాసన లేదు. ఇసుకలా ఏదీ తగల్లేదు. ఆ పాత కారు కొనబోతూ నన్ను తోడు తెచ్చుకున్న దంపతులు నా ముఖం వైపే చూస్తున్నారు గానీ, నాకు మాత్రం ఆ వాసనతో మునియప్ప మామ గుర్తొచ్చాడు. ఎన్నిసార్లు సబ్బు పెట్టి కడుక్కున్నా ఆయన చేతులకు ఇదే వాసన ఉండేది. ఆయన నూనె వేళ్ళతో ఇచ్చిన వేరుశెనగ పప్పులు తిని పెరిగిన పిల్లను నేను.

కె.జి.ఎఫ్. బంగారు గనుల్లో ఆయన వైండింగ్ ఇంజన్ డ్రైవరు. పాతాళంలోకి దిగే షాఫ్టులో మనుషుల్ని మోసే ఇనుప బోనును పైన గదిలో కూర్చుని దింపడం, ఎత్తడం ఆయన పని. చిత్తూరు వైపు పల్లె నుంచి వచ్చి గనిలో చేరిన మా నాన్న ఆ బోనులోనే దిగేవాడు, అందులోనే ఎక్కేవాడు. అంటే మా ఇంటి దీపం రోజుకు రెండుసార్లు ఆయన చేతిలో ఉండేదన్నమాట. అంత ఇంజన్ నడిపిన మనిషికి కారు నడపడం రాదు. స్కూటర్ కూడా రాదు. అయినా చప్పుడు విని ఇంజన్ రోగం చెబుతాడని, గనులు మూతపడ్డాక మా వైపు ఎవరు పాత కారు కొనాలన్నా ముందు ఆయన్నే వెంటబెట్టుకుని వెళ్ళేవారు.

"నువ్వు డ్రైవర్నని చెప్పుకుంటే జనం నవ్వతారు మామా" అని ఏడిపించేదాన్ని.

"నవ్వనీ అమ్మణ్ణీ. నా బండికి మలుపులే లేవు. కిందికి, పైకి. అంతే."

కింద ఏం జరుగుతోందో కనబడదు కదా, ఎలా నడిపేవాడివని ఒకసారి అడిగాను. "కిందినుంచి గంట కొడతారు. ఆ గంటే నాకు కన్ను" అన్నాడు. "అది సరిగ్గా ఇనబడలేదనుకో, లివరు ముట్టను. ఇట్లనే ఉంటాదిలే అని నేను కదిలిస్తే, ఆడ ఒక కాలు లోపలా ఒక కాలు బయటా పెట్టినోడు ఏమైపోతాడు? మళ్ళా కొట్టేదాకా కూసోనుండాల. అరిచేవోళ్ళు అరవనీ."

ఆ మాట విలువ నాకు అప్పుడు తెలియలేదు. నాకు అన్నీ తొందరే. బెంగళూరులో ఒక ట్రావెల్స్ వాళ్ళ దగ్గర కారు నడిపేదాన్ని. సొంతానికి పెద్ద సెడాన్ ఉంటే తమ అతిథులకోసం నన్నే పెట్టుకుంటామని ఒక హోటల్ వాళ్ళు అన్నారు. అనగానే ఉన్న ఉద్యోగం వదిలేశాను. సోమవారానికి బండి చూపించాలి. కొత్తది కొనే స్తోమత లేదు. వాడిన ఖరీదైన కార్లతో వచ్చే చిక్కేమిటంటే, పైన అద్దంలా మెరుస్తాయి, లోపల ఇంజన్ పోయిందంటే దాన్ని బాగుచేయించేలోపు మనం బాగుపడం. ఆ ఒక్క ఇంజన్ మీద నా బతుకంతా పెట్టి, శనివారం పొద్దున మామను తీసుకుని క్యాసంబళ్ళికి బయలుదేరాను.

కారు నారాయణప్ప అనే మామిడి రైతుది. ఇంటి ముందు నల్లగా, నిగనిగలాడుతూ ఉంది. నాకు చూడగానే మనసు పడింది. మామ దాని చుట్టూ తిరగలేదు, లోపల సీట్లు చూడలేదు. నేరుగా వెళ్ళి బానెట్ మీద అరచెయ్యి పెట్టి, "బిసిగా ఉండాదే" అని, వేడి తగిలిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. రోగమున్న ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే బయటపడుతుంది. ఒకసారి వేడెక్కిందంటే మొరాయింపు, పొగ, టకటకలు చాలామటుకు సర్దుకుంటాయి. మేం వస్తున్నామని తెలిసి వేడి చేసి పెట్టారంటే ఏమిటర్థం?

"పొద్దున్నే కురుడుమలెకి పోయొచ్చినామమ్మా" అన్నాడు నారాయణప్ప. "అమ్మేముందర బండిని ఒకసారి వినాయకుని దగ్గరికి తీసుకపోవాలని మా ఇంటామె పట్టుబట్టింది."

"బాగుండాదప్పా కత! దేవుణ్ణి అడ్డం పెట్టుకుంటే మాకు తెలీదనుకుంటిరా?" అని గట్టిగానే అరిచాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"అరవద్దు అమ్మణ్ణీ" అన్నాడు మామ. "ఆయప్ప చెప్పింది నిజమనీ నేను అనలేదు, అబద్ధమనీ అనలేదు. గంట ఇనబడలేదు, అంతే. చల్లారనీ."

"సాయంత్రం అయిపోతాది మామా! సోమవారం..."

"సోమవారం సంగతి ఇంజన్‌కి తెలీదు" అని మామ ఇంటి అరుగుమీద చతికిలపడ్డాడు.

ఇంజన్ చల్లారుతూ ఉంటే నేను వేడెక్కుతూ పచార్లు చేశాను. మామ ఖాళీగా లేడు. కారు నిలబెట్టిన చోట నేలమీద నూనె చుక్కలున్నాయేమో వంగి చూశాడు. నూనె పోసేచోట మూత తిప్పి, లోపల మజ్జిగ మీగడలాంటి జిడ్డు ఉందేమో చూశాడు. అది ఉంటే నీళ్ళు నూనెలో కలుస్తున్నట్టట. సర్వీసు కాగితాలన్నీ నాచేత చదివించుకున్నాడు. మధ్యాహ్నం నారాయణప్ప భార్య పట్టుపురుగులకు ఆకు వేసి వచ్చి, మాకు రాగిముద్ద, పులుసు పెట్టింది. తిన్నాక ఇద్దరి చేతుల్లోనూ ప్రసాదం పెట్టింది. గరికపోచలు ఇంకా వాడలేదు, కుంకుమ తడి ఆరలేదు. పొద్దుటి గుడి మాట నిజమేనన్నమాట. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బయటికి వెళ్ళి, "తప్పుగా మాట్లాడినానప్పా" అని నారాయణప్పతో అన్నాను. పోనీలేమ్మా అన్నాడాయన. నేను తిరిగొచ్చి, ఇంక స్టార్ట్ చేద్దామా అన్నట్టు మామవైపు చూశాను.

"ఆయప్ప నిజమే చెప్పినాడు" అన్నాడు మామ. "ఇంజన్ ఇంగా చెప్పలేదు."

ఎండ వాలాక ఆయన బానెట్ ఎత్తి, ఇనుము మీద మునివేళ్ళు ఆనించి తలూపాడు. నేను తాళం తిప్పాను. ఒక్క తిప్పుకే ఇంజన్ అందుకుంది. మామ పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజన్‌కు ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. ఇంజన్ నడుస్తుండగానే నూనె మూత తీసి, పొగ ఎగదన్నుతోందేమో చూశాడు. వెనక్కి వెళ్ళి పొగగొట్టం దగ్గర వంగాడు. తర్వాత నన్నొక్కదాన్నే ఊరి చివరిదాకా వెళ్ళి రమ్మని, తను రోడ్డు పక్కన నిలబడి విన్నాడు. గనిలో షిఫ్టు మొదలయ్యేముందు బోనును ఒకసారి ఖాళీగా దింపి ఎత్తేవారట. తిరిగి వచ్చి ఆపితే, ఏ భావమూ లేని ముఖంతో దగ్గరికి వచ్చాడు.

"మనుషుల్ని ఎక్కించొచ్చు" అన్నాడు.

నేను స్టీరింగ్ మీద తల వాల్చి ఏడ్చేశాను. పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరంతా అప్పుడు బయటికి వచ్చింది. నారాయణప్ప భార్య కంగారుపడి నీళ్ళు తెచ్చింది.

చీకటి పడకముందే బండి తీసుకుని బయలుదేరాం. మామ వెనక సీట్లో కూర్చున్నాడు. ఇంత మెత్తటి సీటు మీద ఎప్పుడూ కూర్చోలేదన్నాడు. కాసేపటికి, "మీ నాయన్ని ఎన్నేండ్లు దించినాను, ఎత్తినాను. నన్ను మాత్రం ఇట్ల ఎవరూ మోయలేదమ్మణ్ణీ" అన్నాడు. మరో రెండు మైళ్ళు పోయాక అద్దంలో చూస్తే తల ఒక పక్కకు వాల్చి, నోరు కాస్త తెరిచి నిద్రపోతున్నాడు. బతుకంతా ఇంజన్ చప్పుడు మీద చెవి పెట్టి కూర్చున్న మనిషి, నేను నడుపుతుంటే వినడం మానేశాడు. నా బండి మంచిదని ఆ క్షణాన నిజంగా నమ్మాను.

హోటల్ అతిథుల్ని మోస్తూ ఆ కారు నా చేతిలో ఏళ్ళ తరబడి నడిచింది, ఏ ప్రయాణికుణ్ణీ దారిలో దించలేదు. మామ ఇప్పుడు లేడు. ఆయనంత ఓపిక నాకు రాలేదు, ఇప్పటికీ ముందు నోరే లేస్తుంది. కానీ వెనక సీట్లో ఎవరైనా కన్ను మూశారంటే మాత్రం పాట ఆపేసి, గుంతల దగ్గర మరీ మెల్లగా పోనిస్తాను. వాళ్ళకోసం ఇంజన్ చప్పుడు నేను వింటూ ఉంటాను.