చలికాలం దాటని దేశం

ఒబదయా స్పర్లాక్‌కు ఒకటే అలవాటు. దేశం పోయిందని చాటడం.

అలవాటు అనేకన్నా ఉద్యోగం అనవచ్చు. జీతం లేదు, సెలవూ లేదు. మా కెంటకీ కొండల్లో పొద్దున్నే కోడి కూసేది. తర్వాత ఒబదయా కంచె మీద మోచేతులు ఆనించి నిట్టూర్చేవాడు.

"ఈ గణతంత్రం చలికాలం దాటదు."

మొదటి అధ్యక్షుడు పదవి వదిలి పొలానికి వెళ్ళిపోయాడని కబురొచ్చింది. "చూశారా? ఆయనకే విసుగొచ్చింది. ఇక మనమెంత?" అన్నాడు. రెండో అధ్యక్షుడు ఓడిపోయి గొడవ చేయకుండా ఇంటికి పోయాడు. "దెబ్బలాడే ఓపిక కూడా లేదు వీళ్ళకి," అన్నాడు. మూడో ఆయన మిసిసిపీ నదికి అవతలి నేలంతా ఫ్రాన్సు దగ్గర కొన్నాడు. ఊరు తుపాకులు పేల్చి పండుగ చేసుకుంది. ఒబదయా తల పట్టుకున్నాడు.

"దేశం రెండింతలైంది బాబాయ్, సంతోషించవా?" అన్నాను.

"నా పందులకే కంచె వేయలేక చస్తున్నాను. అంత నేలకి ఎవడు వేస్తాడ్రా?"

"ముందు ఆ పందుల సంగతి చూడు," అంది లోపలి నుంచి తబితా పిన్ని. "దేశమేం పారిపోయి పక్కింటి మొక్కజొన్న మేయట్లేదు."

రాష్ట్ర సభకు ఏటా ఆగస్టులో ఎన్నిక. ఆ ఏడాది ఇద్దరు నిలబడ్డారు. ఒకరు కర్నల్ హార్బిసన్. లోయలో పొలమంతా ఆయనదే. రెండోవాడు పీపాలు చేసే లెమ్యుయెల్ క్రాబ్. కౌలుదారు వేసుకున్న గుడిసెకు, తోటకు ఖరీదు కట్టివ్వకుండా వాణ్ణి వెళ్ళగొట్టకూడదని చట్టం తెస్తానన్నాడు. కర్నల్ ఒకటే మాట అన్నాడు.

"క్రాబ్ పేరెత్తినవాడు కోతల లోపు నా నేల ఖాళీ చేస్తాడు."

మా దగ్గర ఓటంటే నోటిమాట. న్యాయస్థానం అరుగు మీద బల్ల, బల్ల వెనక ఓట్లు రాసే పుస్తకంతో గుమాస్తాగా నేను. ఓటరు వచ్చి తనకు కావలసినవాడి పేరు పైకి చెప్పాలి. అభ్యర్థి పక్కనే కూర్చుంటాడు. తన పేరు వినబడితే లేచి తల వంచుతాడు, విస్కీ పోయిస్తాడు. వేరే పేరు వినబడితే గుర్తుపెట్టుకుంటాడు. క్రాబ్ పని వదిలి రాలేదు. కర్నల్ మాత్రం బల్ల పక్క నుంచి కదలలేదు.

ఆయన కౌలుదారు ఆసా పుల్లియమ్ బల్ల ముందుకొచ్చాడు. ఇంట్లో భార్యకు నెలలు నిండాయి. ఆసా ముఖంలో నెత్తురు లేదు.

సరిగ్గా అప్పుడు ఒబదయా కర్నల్ కోటు బొత్తాం పట్టుకున్నాడు.

"కర్నల్‌గారూ, ఏమైపోతుందండీ ఈ దేశం!"

"తర్వాత మాట్లాడుకుందాం, ఒబదయా."

"తర్వాతంటూ ఉంటే గదండీ! నా ఓటెవరికి వేయాలో తెలియక కుమిలిపోతున్నాను. మీరే దారి చూపాలి."

ఓటు ఇంకా వేయనివాణ్ణి అభ్యర్థి విదిలించుకోలేడు. కర్నల్ నవ్వు తెచ్చుకున్నాడు. ఒబదయా ఆయన చెవిలో నోరు పెట్టి ఇంగ్లీషు ఓడల గురించి, దేశం అప్పుల గురించి బావురుమన్నాడు. గుర్రాలు బెదిరాయి. ఆసా పెదవులు కదిలాయి. నేను ముందుకు వంగి విని రాసుకున్నాను. క్రాబ్.

తర్వాత దుకాణదారు వచ్చాడు. ఒబదయా గమ్మున పొగాకు నమిలాడు. ఆ వెనక ఇంకో కౌలుదారు.

"అయ్యో కర్నల్‌గారూ, నౌకాదళం సంగతి విన్నారా!"

పోలింగు మూడు రోజులు. మూడు రోజులూ కౌలుదార్లు వచ్చినప్పుడే దేశం చచ్చింది. గుంపులో విన్నవాళ్ళు ఉన్నారు. వాళ్ళెవరూ కర్నల్‌కు చెప్పలేదు.

అరుగు కింద కర్నల్ బానిసలు కళ్ళేలు పట్టుకుని ఎండలో నిలబడ్డారు. వాళ్ళనెవరూ పేరు చెప్పమనలేదు. వాళ్ళ వైపు చూసి ఒబదయా తల తిప్పుకున్నాడు. ఆయన నిరాశల్లో ఆ ఒక్కదానికి గొంతు లేదు.

ఆఖరి రోజు ఎన్నిక నడిపే షరీఫు బల్ల ఎత్తబోతుంటే ఒబదయా వచ్చాడు. క్రాబ్ పేరు రాయడానికి కలం ముంచాను.

"కర్నల్ హార్బిసన్!" అని వీధి చివరికి వినబడేలా అరిచాడు.

కర్నల్ ఆయన్ను కౌగిలించుకున్నాడు. ఆ కౌగిలి విడవకముందే షరీఫు లెక్క చదివాడు. క్రాబ్ గెలిచాడు. షరీఫు పుస్తకానికి ముద్ర వేసి పట్టుకుపోయాడు.

కర్నల్ ముఖం ఎర్రబడింది. "ఆసాగాడు ఎవరి పేరు చెప్పాడు? నువ్వక్కడే ఉన్నావుగా!"

"నా ఏడుపులో నాకేం వినబడుతుందండీ?" అన్నాడు ఒబదయా.

నా వైపు తిరగడానికి కర్నల్‌కు నామోషీ అడ్డొచ్చింది. పక్కనే కూర్చుని వినలేదని ఏ ముఖంతో చెబుతాడు?

ఇంటిదారిలో అడిగాను. "అంతా చేసి ఆయనకెందుకు వేశావు బాబాయ్?"

ఒబదయా గొంతు పూర్తిగా పోయింది. గుసగుసగా చెప్పాడు.

"పాపం, మూడు రోజులు నా సోది విన్నాడ్రా. ఒక్క ఓటైనా ఇవ్వొద్దూ? పైగా వచ్చే ఆగస్టులోనూ ఆ చెవి కావాలిగా."