నడుం దాకా ఎదగని మోర్‌పంఖి

మా చిన్నప్పుడు చొప్పదండిలో పెన్ను మరిచిపోయి బడికి పోయినవాళ్ళున్నారు గానీ, పుస్తకంలో మోర్‌పంఖి రెమ్మ లేకుండా పరీక్షకు పోయినవాళ్ళు లేరు... అది పుస్తకంలో ఉంటే చదువు వస్తుందని మా నమ్మకం. అందుకే మేం దాన్ని సదువుల ఆకు అనేవాళ్ళం.

మా వాడకట్టులో ఆ చెట్టు మేం పిన్నిలా ఖాలా అని పిలిచే షాహీన్ వాకిట్లో ఒక్కటే ఉండేది. దేవదారు లాంటిదే, ఎంత ఎండాకాలమైనా పచ్చగానే ఉండేది. ఒకరోజు గోడెక్కి తెంపుతూ ఖాలాకు దొరికిపోయాను. తిడుతుందనుకున్నా... గుప్పెడు ఎండిన కాయలు చేతిలో పెట్టింది.

"దొంగతనం ఎందుకు బేటీ? గీ గింజలు తీస్కపోయి మీ ఇంట్లనే పెట్టుకో. జర సబర్ పట్టాలె, జల్దీ మొలవదు."

కాయకు చిన్న చిన్న కొమ్ములు, పగిలిన సందుల్లో గోధుమల్లాంటి గింజలు. బాపు వాటిని రాత్రంతా నానబెట్టాడు. పాలపిండి డబ్బాకు మేకుతో అడుగున బొక్కలు కొట్టి, వాగు ఇసుక, ఎర్రమట్టి కలిపి నింపాడు. అప్పటికే ఆయనకు దుబాయి వీసా వచ్చింది, పోవడానికి నెల కూడా లేదు.

రోజూ లేవగానే డబ్బా దగ్గరికే... ఇరవై రోజులు దాటాక సూదుల్లాంటి రెండాకులు కనిపించాయి. గడ్డి అనుకుని మా అవ్వ, అంటే అమ్మ, పీకబోతే ఎంత మొత్తుకున్నానో! మూడు మొలిచాయి, ఒకటి బతికింది.

పోయే రోజు బాపు ఆ డబ్బా ముందు కూర్చుని అన్నాడు. "గిది నీ నడుం దాక ఎదిగేసరికి వస్త బిడ్డా. మంచిగ చూస్కో."

ఇంకేం... మొక్కను గోడ పక్కన నాటి, దినాం దాని పక్కన నిలబడి కొలుచుకోవడమే నా పని. అది పిక్క దాకా వచ్చేసరికి నేనూ ఎదిగేదాన్ని, మళ్ళీ వెనకబడేది. ఎంత కోపమొచ్చేదో నా మీద నాకే! నెలకో ఉత్తరం రాసేవాళ్ళం. అవ్వకు చదువు రాదు, ఆమె చెబుతుంటే నేను రాసేదాన్ని. మెతుకులతో కవరు అంటించడం మాత్రం అవ్వ పని.

ఏడో తరగతి పరీక్షలప్పుడు మొక్క నా మోకాలు దాటింది. క్లాసు క్లాసంతా మా వాకిట్లోకి దిగింది. "నాకొక్క రెమ్మ ఇయ్యవే..." అని ఒకటే బతిమిలాట. ఆరోజు నా డాబు చూడాలి మీరు! అడిగినవాళ్ళకల్లా తెంపిచ్చాను. సాయంత్రానికి బోడి కట్టె మిగిలింది. పోనీలే, వేపచెట్టులా మళ్ళీ చిగురేస్తుందిలే అనుకున్నా.

ఉగాది పోయింది... ఎండలు ముదిరాయి... ఒక్క చిగురు లేదు. ఖాలా వచ్చి చూసి తల పట్టుకుంది.

"యా అల్లా! పచ్చదనం మొత్తం తీసేస్తే గిది మళ్ళ చిగురెయ్యదు బేటీ."

ఆ వారమే బాపు ఉత్తరం... సెలవు ఇస్తలేరు, ఈ యేడు రాలేనని. నా వల్లనే అనుకున్నా. దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను, అవ్వకు కారణం చెప్పలేదు.

బాపు నేను తొమ్మిదిలో ఉండగా వచ్చాడు, మళ్ళీ దుబాయి పోలేదు. సబ్బులు, సెంటు, నాకు గడియారం... అన్నీ తెచ్చాడు. గోడ వైపు ఒక్కసారి చూసి, కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. మొక్క మాటే ఎత్తలేదు. హమ్మయ్య, మరిచిపోయాడనుకున్నా.

బాపు చనిపోయి మూడేళ్ళయింది. పోయిన నెల ఇంటికి సున్నం వేయిస్తూ ఆయన దుబాయి సూట్‌కేస్ తెరిచాను. నా ఉత్తరాలన్నీ ఉన్నాయి... ఒక్కోదాంట్లో ఒక్కో మోర్‌పంఖి రెమ్మ, అణిగిపోయి, గోధుమరంగు తిరిగి. నేనెప్పుడూ పెట్టలేదే! ఏడో తరగతి పరీక్షల తర్వాతి ఉత్తరాల్లో మాత్రం ఏమీ లేవు.

అవ్వనడిగాను.

"నేనే పెట్టిన. నాకు రాసుడు రాకపాయె... నా దిక్కుకెళ్ళి గా సదువుల ఆకన్న పోనీ అని."

"మరి ఆకు బందైతే బాపు ఏమనలేదా?"

"వచ్చిన నాడు అడిగిండు, చెట్టు పోయిందా అని. పోయిందన్న. పిల్ల ముంగట గా ముచ్చట తియ్యకు, రంది పడ్తది అన్నడు."

ఇరవై ఏళ్ళకు పైగా ఒకే ఇంట్లో తిరిగాం... నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. ఇప్పుడు చెబుదామంటే బాపు లేడు.

ఖాలా వాళ్ళ చెట్టు కొట్టేసి దుకాణాల షటర్లు కట్టారు. నర్సరీలో మొక్క దొరుకుతుంది, తెలుసు... నాకు గింజే కావాలి. మీ వాకిట్లో మోర్‌పంఖి కాయలు పగులుతుంటే నాలుగు గింజలు నాకోసం దాచిపెట్టరూ? మీరు ఎవరి కోసం ఏం పెంచారో అది కూడా చెప్పండి, వింటాను...

ఈసారి ఒక్క రెమ్మ కూడా తెంపను. నడుం దాకా పెంచుతాను... వచ్చే మనిషి లేకపోయినా.