పర్సో టైలర్స్

రుద్రారం బస్టాపు ఎదురు సందులో నిలబడి సాదుల్లా దర్జీ దుకాణం ఎక్కడని అడగండి, ఒక్కరూ చెప్పరు. ‘పర్సో సాబ్ దుకాణం’ అనండి, పాల ప్యాకెట్టుకొచ్చిన పిల్లతో సహా అందరూ చెయ్యెత్తి చూపిస్తారు. ఊరు ఆ పేరు ఊరికే పెట్టలేదు మరి! పర్సో అంటే ఉర్దూలో ఎల్లుండి. సాదుల్లా నోట్లో మాత్రం దానికి హద్దూ అదుపూ లేదు. వచ్చే శుక్రవారమూ పర్సోనే, వచ్చే పండగా పర్సోనే. రంజాన్‌కని ఇచ్చిన లాల్చీ బక్రీదుకు చేతికందినా, ఆయన లెక్కలో అది పర్సోకే ఇచ్చినట్టు.

పాపం, మోసగాడు కాడు. చేతిలో పనితనం నిండా ఉంది. లేనిదల్లా నోట్లో ‘కాదు’ అనే మాట. ఎవరొచ్చి గుడ్డ ముందు పెట్టినా తీసుకోవడమే. గుడ్డలు గుట్టలుగా పడేవి, వచ్చిన గిరాకీ తిట్టుకుంటూ పోయేది. చివరికి అంతా రెడీమేడ్ దారి పట్టారు.

అప్పుడు దిగాడు బామ్మర్ది తౌహీద్, పటాన్‌చెరు నుంచి.

“దుల్హేభాయ్, మా మందుల కంపెనీ గేటు కాడ వాచ్‌మన్ కొలువుంది. డ్రెస్సు గూడ వాళ్లే ఇస్తరు. ఎప్పుడొస్తవ్?”

ఇన్నేళ్లుగా ఊరికి బట్టలు కుట్టిన మనిషి, ఎవడో కుట్టిన యూనిఫారం తొడుక్కోవాలట! సాదుల్లా మెడలోని టేపు సవరించుకున్నాడు. “రంజాన్ పండుగ దాంక సూస్త. అప్పటికీ దుకాణం నడ్వకపోతే వస్త,” అన్నాడు.

కూతురు మదీహా డిగ్రీలో వ్యాపార పాఠాలు చదువుతోంది. తండ్రి మొహం చూసింది. మర్నాడు కాలేజీ నుంచి వస్తూ కొత్త బోర్డు రాయించుకొచ్చింది. ‘పర్సో టైలర్స్. ఎల్లుండి అంటే ఎల్లుండే. లేటైతే కుట్టుకూలి వద్దు!’

సాదుల్లా అగ్గిమీద గుగ్గిలమయ్యాడు. “నా ఇజ్జత్ తీసి బోర్డుకెక్కిస్తవా? జనం ఎక్కిరించే పేరు గది!”

“ఎక్కిరిస్తే ఏమాయె అబ్బూ, అందరికీ యాదికైతే ఉంది గద! కొత్త పేరు జనం నోట్ల పడాల్నంటే ఏండ్లు పడ్తది. ఇది ఫుకట్ల దొరికింది. ఇగ మార్వాల్సింది పేరు గాదు, పని.”

పని మార్చడమంటే ఏమిటో మెల్లిగా తెలిసొచ్చింది. మదీహా గోడకు కొక్కేలు కొట్టించింది, రోజుకు కుట్టగలిగినన్నే. అవి నిండితే ఇక గుడ్డ పట్టకూడదు. “ఇయ్యాల కాదమ్మా, రేపు రా,” అని ఒక అమ్మాయితో మొదటిసారి అన్నప్పుడు సాదుల్లా నాలుక మడతపడింది. చిత్రమేమిటంటే, ఆ అమ్మాయి మర్నాడు చెల్లెల్ని కూడా వెంటబెట్టుకొచ్చింది. పక్కనున్న యూనివర్సిటీ పిల్లలకు ప్యాంట్లు పొడుగైతే కూర్చోబెట్టి అప్పటికప్పుడే కుట్టిచ్చాడు. కుట్టిన బట్టల్ని మిగిలిన పేలికలతో చేసిన రంగురంగుల సంచిలో పెట్టి చేతికిచ్చాడు. సంచి మీద దుకాణం పేరు, ఫోన్ నంబరు. హాస్టలు ఆడపిల్లలు వాటిలో సబ్బులూ చార్జర్లూ వేసుకుని తిరిగారు. జీతం బత్తెం లేని చాటింపు!

అసలు పరీక్ష రంజాన్ నెలలో, నాగరత్నం రూపంలో వచ్చింది. కోస్తా నుంచి ఫ్యాక్టరీ ఉద్యోగానికొచ్చి స్థిరపడిన కుటుంబం ఆమెది. కాలనీ ఆడవాళ్లకు ఆమె మాటే మాట. వెనకటికి ఉగాదికిచ్చిన జాకెట్టు దసరాకు తీసుకున్న బాధితురాలు కూడాను. పట్టుగుడ్డ బల్లమీద పెట్టి, “శుక్రవారం మా అమ్మాయి అలేఖ్య నిశ్చితార్థమండీ. నా జాకెట్టు గురువారం సాయంత్రానికి కావాలి. మీ పర్సో కాదు, మా ఎల్లుండి!” అంది.

“మీ ఎల్లుండేనమ్మా,” అన్నాడు సాదుల్లా. ఈ ఒక్క జాకెట్టు తప్పితే కాలనీ అంతా తప్పినట్టేనని ఆయనకు తెలుసు.

గురువారం పొద్దున్నే కరెంటు పోయింది. లైను పనులట, చీకటి పడేదాకా రాదట. పాత సాదుల్లా అయితే మిషను మీద గుడ్డ కప్పి, ‘పర్సో’ అనేసి ఇంటికి పోయేవాడు. ఈ సాదుల్లా మోటారు ఊడబెరికి, పాత తోలుపట్టా ఎక్కించి, వెలుతురు కోసం మిషన్ను గడప దాకా ఈడ్చి, కాళ్లతో తొక్కాడు. రోజా ఉపవాసం ఉన్న ఒళ్లు, నోరెండిపోతోంది. మోకాళ్లు మొరాయించాయి. వాటిని తిట్టుకుంటూనే తొక్కాడు.

సాయంత్రం నాగరత్నం కొంగు దోపుకుని కొట్లాటకే వచ్చింది. వచ్చేసరికి సంచి కొక్కేనికి వేలాడుతోంది. జాకెట్టు తీసి కుట్లు చూసింది, తిప్పి మళ్లీ చూసింది. ఆపైన తన బ్యాగులోంచి ఒక రెడీమేడ్ జాకెట్టు తీసి బల్లమీద పడేసింది.

“మిమ్మల్ని నమ్మలేక ఇది కొనుక్కున్నానండీ సాదుల్లా గారూ. చేతులు వదులు, కాస్త బిగించి పెట్టండి,” అని ఫక్కున నవ్వింది. “ఎప్పుడిస్తారు?”

“పర్సో,” అన్నాడు సాదుల్లా. ఆ మాట అంటూ తల దించుకోకపోవడం ఆయనకదే మొదటిసారి. ఎంత సంతోషమేసిందో, ఎండిన పెదాలతోనే నవ్వేశాడు.

నిశ్చితార్థంలో ఆవిడ ఏం చెప్పిందో ఏమో, మర్నాటికి కాలనీ ఆడవాళ్లు సందు నిండా ఉన్నారు. వాళ్లకు కొక్కేలు పంచలేక మదీహా తల ప్రాణం తోకకొచ్చింది.

పండుగనాడు తౌహీద్ షీర్‌ఖుర్మా పాయసం తాగుతూ మళ్లీ ఎత్తాడు. “గేటు కాడ జాగ ఇంకా ఖాళీగనే ఉంది దుల్హేభాయ్. ఎప్పుడొస్తవ్ మరి?”

సాదుల్లా తీరిగ్గా గిన్నె కింద పెట్టి, మూతి తుడుచుకుని, కూతురి వంక ఓరగా చూసి, వెనకటి రోజుల్లోలాగే సాగదీసి అన్నాడు.

“పర్సో!”