బామ్మర్ది మీద పోటీకి చెప్పిన వాక్యం

ఆఫీసులో నా పక్క సీటు సునీతది వారం రోజులుగా ఒకటే పోరు: "మా ఆయన ఫస్ట్ టైమ్ చర్చిల వాక్యం చెప్తుండు అన్నా, నువ్వు రావాల్సిందే." వాక్యమంటే చర్చిలో చెప్పే ప్రసంగమట. మాది శనివారం వెంకన్నకి దీపం పెట్టే ఇల్లు. చర్చి గుమ్మం ఎన్నడూ తొక్కింది లేదు. నిజం చెప్పొద్దూ, ప్రార్థన అయ్యాక బిర్యానీ ఉందనేసరికి నాలో ఎక్కడలేని భక్తి పుట్టుకొచ్చింది.

ఆదివారం ఎనిమిదిన్నరకి అల్వాల్‌లో బస్సెక్కి ముప్పావుగంటలో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగాను. అక్కడి నుంచి చిలకలగూడ మీదుగా లాలాగూడకి ఆటో నూట ఇరవై అన్నాడు, బేరమాడితే వందకి ఒప్పుకున్నాడు. "ఏ చర్చి సార్? ఆడ గల్లికొకటి ఉంటది. ఇద్దరికి పడలేదంటే మూడోనాడు కొత్త బోర్డు లేస్తది," అని నవ్వాడు డ్రైవరు. వెటకారమనుకున్నాను గానీ, అందులో సగం నిజమేనని కాసేపటికే తెలిసింది.

తొమ్మిదిన్నరకి చేరాను. రేకుల షెడ్డు నిండా జనం. సునీత భర్త ప్రభుదాసు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. వెనక పెరట్లో కార్డ్‌లెస్ మైకు పట్టుకుని పచార్లు చేస్తున్నాడు. బామ్మర్ది యోహాను ముందుగా అందుకుంటాడేమోనని పొద్దున్నుంచీ దాన్ని వదల్లేదట! నన్ను చూడగానే బావురుమన్నంత పని చేశాడు.

"నాతోని కాదన్నా. పోయిన వారం యోహాను చెప్తే అందరు ఏడ్చిన్రు. వాణ్ని మించాలె అని ఈ వారానికి పేరిచ్చిన, గంతే. గిట్లాంటి మనసుతోని దేవుని మాట ఎట్ల చెప్పాలె? ఇంటికి పోతా."

అతను మాట ముగించాడో లేదో, షెడ్డులోంచి వంద గొంతులు ఒక్కసారిగా అరిచాయి. "స్తోత్రం!"

ఇద్దరం కొయ్యబారిపోయాం. మైకు ఆన్‌లో ఉంది! పక్కనే బిర్యానీ ఉడుకుతున్న గ్యాస్ పొయ్యి హోరులో మాకు తెలియలేదు. లోపల అది సాక్ష్యాల వేళ, అంటే ఎవరైనా సరే తమ తప్పునో దేవుడు చేసిన మేలునో పైకి చెప్పుకునే సమయం. పాపం, సంఘమంతా దీన్ని కూడా సాక్ష్యమనే అనుకుంది. ప్రభుదాసు ముఖం పాలిపోయింది. మైకు ఆపేసి, తల దించుకుని గేటు వైపు నడిచాడు. యోహాను పరుగెత్తుకొచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు.

"పరేషాన్ గాకు బావా. పోయిన వారం నేను సుత నీకు కుళ్లు పుట్టాలనే చెప్పిన!"

పెద్ద బిర్యానీ గిన్నె దగ్గరున్న సునీత తల్లి శాంతమ్మ అల్లుణ్ని కసిరింది. "మీ మామ మీద కోపంతోని వండిన దినాలు మస్తున్నయ్. తిన్నోళ్ల కడుపు నిండలేదా? లోపల ఆకలితోని కూసున్నరు, పో బిడ్డా!"

వెళ్లాడు. ఇరవై నిమిషాలు చెప్పాడు, తడబడ్డాడు, నవ్వించాడు. మధ్యలో తనే దిగొచ్చి యోహాను చేతిలో మైకు పెట్టి, "ఈ వచనం నువ్వు చదువు, నీ గొంతు మంచిగుంటది," అన్నాడు. సునీత ఏడుస్తూనే చప్పట్లు కొట్టింది.

తిరుగు ప్రయాణంలో బస్సులో ఇదే ఆలోచన. మనసు పూర్తిగా కడుక్కున్నాకే మంచిమాట చెప్పాలంటే లోకంలో ఒక్కరూ నోరు విప్పలేరు. ప్రభుదాసు తన మురికి దాచుకోలేకపోయాడు కాబట్టే నేను అతని మాట నమ్మాను. ఇలాంటి చోటికి మీరూ వెళ్తే చెప్పులు గుమ్మం బయట వదిలి పెందరాళే కూర్చోండి. ప్రసంగానికి ఆలస్యమైనా ఫరవాలేదు గానీ, సాక్ష్యాలు మాత్రం పోగొట్టుకోకండి.