మానిన నడుము

హోటల్లో పక్కలు సర్దే పనిలో ఆమెను మించినవాళ్లు లేరు. ఒంటి చేత్తో పరుపు మూల ఎత్తి, దుప్పటి అంచు కిందికి దోపి, గీత గీసినట్టు మడత పెట్టేది. తోటివాళ్లు "బొంగరం" అని పిలిచేవారు. నాలుగేళ్ల కిందట ఓ పెద్ద పరుపు ఎత్తబోతే నడుము కలుక్కుమంది. వంగిన మనిషి వంగినట్టే ఉండిపోతే, ఇద్దరు పట్టుకుని లిఫ్టులో దించారు.

ఆరు వారాలు మంచం దిగలేదు. తర్వాత తీసిన స్కానింగులో అంతా మానిపోయిందన్నారు. నొప్పి మాత్రం వదల్లేదు. మేనేజరు ఆమెను కింద సెల్లార్లో, తువ్వాళ్లు మడిచే బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. భర్త గడియారాలు బాగుచేస్తాడు. మొదటి ఏడాది వేడినీళ్ల సంచి తెచ్చి నడుముకు కాపడం పెట్టేవాడు. మూడో ఏడు వచ్చేసరికి ఆమె "అబ్బా" అంటే టీవీ సౌండు పెంచేవాడు.

చివరికి ఆసుపత్రిలో కొత్తగా వచ్చిన డాక్టరమ్మ నేల మీద ఓ దిండు పడేసి, వంగి తియ్యమంది. దిండును చూడగానే ఆమె నడుము బిగుసుకుపోయింది.

"చూశారా? ఇంకా వంగనే లేదు మీరు. నడుము ఎప్పుడో మానింది. మీ మెదడు ఆ రోజు పడ్డ భయాన్ని వదల్లేదు. వంగబోతే చాలు, ఏమవుతుందోనని ముందే నొప్పి పుట్టిస్తోంది."

"అంటే నాకు నొప్పి లేదంటారా?"

"ఉందమ్మా, నిజం నొప్పే. రోజూ కొంచెం కొంచెం వంగుతుంటే, భయం లేదని మెల్లగా మెదడుకే తెలిసొస్తుంది. పూర్తిగా పోతుందని మాత్రం మాటివ్వలేను."

ఇన్నేళ్లకు తనను నమ్మిన మనిషి దొరికింది. బస్సులో ఆమెకు కన్నీళ్లు ఆగలేదు.

భర్త కంటికి పెట్టుకున్న భూతద్దం తియ్యకుండానే అంతా విన్నాడు.

"నేను మొత్తుకుంటున్నదీ అదేగా. అంతా నీ బుర్రలోనే ఉందని."

"ఆవిడ అలా అనలేదండీ."

"మెదడు అందా, లేదా?"

మర్నాడు ఆడపడుచు ఫోన్ చేసి, మతి సరిగా లేనివాళ్లను చూసే డాక్టరు నంబరు ఇచ్చింది.

ఆ తర్వాత ఆమె, భర్త కొట్టుకు వెళ్లాక తలుపు గడియపెట్టుకుని వంగడం నేర్చుకుంది. మొదట చెయ్యి మోకాళ్ల దాకానే వెళ్లేది. మూడు నెలలకు నేల మీది దిండు అందింది. కొన్నాళ్లు తేలిగ్గా లేచేది. ఇంట్లో మాటా మాటా పెరిగిన మర్నాడు మళ్లీ పట్టేసేది.

పాత పని అడిగితే, ఆ గదులు వేరేవాళ్లకు ఇచ్చేశామన్నాడు మేనేజరు. ఆమె తువ్వాళ్ల దగ్గరే ఉండిపోయింది. నొప్పి కాస్త తగ్గిందని భర్తకు ఇంతవరకూ చెప్పలేదు. చెబితే, ఇన్నాళ్లూ నటించావా అంటాడని.