భూమిలోకి పోయే కరెంటు

మా మేనత్త పోయిందన్న కబురు నాకు చెప్పింది ఆమె మరిదే. బ్రాడీపేటలో నా గదిలో ఒక పాత ఆంప్లిఫయర్ విప్పుకుని కూర్చున్నాను. ఫోన్ మోగింది. "మీ అత్త పోయిందమ్మా. కల్లం దగ్గర గుండె ఆగిపోయింది. గుండేనమ్మా, బయల్దేరు" అన్నాడు. గొంతులో ఏడుపైతే ఉంది. కానీ నేనేమీ అడగకముందే గుండె అని నొక్కి చెప్పడం నాకు అప్పుడే గుచ్చుకుంది.

ఆయన్ని నేను చిన్న మామయ్య అంటాను. ఈ నాలుగు మాటలు రాస్తున్నది అత్త కోసమే అయినా ఇందులో ఆయన కూడా ఉంటాడు. పోయినవాళ్ళ గురించి మంచి చెప్పి, ఉన్నవాళ్ళ గురించి ఊరుకోవడం మర్యాద అంటారు. నాకు ఆ మర్యాద లేదు.

అత్త పల్లెలో హైస్కూల్లో ఫిజికల్ సైన్సు చెప్పి రిటైరైంది. మామయ్య పోయాక కూడా మిరప, పత్తి పొలాలు మరిదితో ఉమ్మడిగానే ఉంచుకుంది. ఆమె వరండాలో ఒక బల్ల, దాని మీద సోల్డరింగ్ ఐరన్, మరమరాల డబ్బా నిండా రెసిస్టర్లు ఉండేవి. రేడియోలూ ఆంప్లిఫయర్లూ విప్పే మీలాంటి, నాలాంటి సరదాగాళ్ళంతా చుట్టుపక్కల ఊళ్ళ నుంచి అక్కడ చేరేవాళ్ళు. చీరాలలో చీరలు అమ్మే ఆయనొకడు బేరాలు మానుకుని మరీ వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ చుట్టుకునేవాడు. అత్త ఎవరికీ ఏదీ బాగుచేసి ఇచ్చేది కాదు. ఎవరిది వాళ్ళ చేతే చేయించేది. నేను అంటించిన అతుకులు చూసి, పిచ్చుకలు రెట్టలేసినట్టు ఉన్నాయే అని నవ్వేది.

ఏ పెట్టె మూత విప్పాలన్నా ముందు ప్లగ్గు పీకించి, ఆ ప్లగ్గును తన ఒళ్ళో పెట్టుకునేది. అది ఆమె ఒళ్ళో ఉన్నంతసేపే మా వేళ్ళు లోపల ఉండాలి. ప్లగ్గు పీకినా పెద్ద కండెన్సర్‌లో కరెంటు నిలవుంటుందని, దాన్ని ఒక రెసిస్టర్ గుండా ఖాళీ చేసి, మీటరు పెట్టి చూసుకోనిదే ముట్టుకోనిచ్చేది కాదు. బాగుచేసిన వస్తువును ఎప్పుడూ తిన్నగా సాకెట్లో పెట్టనిచ్చేది కాదు. మధ్యలో ఒక పాతకాలపు బల్బు సిరీస్‌లో ఉండాల్సిందే. లోపల షార్టుంటే బల్బు భగ్గున వెలుగుతుంది, వస్తువు మిగులుతుంది. టెస్టర్ విషయంలో మరీ చాదస్తం. "దాన్ని ముందు కరెంటున్న చోట పెట్టి చూడవే. అది బతికుందని తెలిశాక దాని మాట నమ్ము" అనేది.

ఒకసారి అందరం అన్నాలు తింటుంటే వంటింట్లో లైటు ఉన్నట్టుండి తెల్లగా మండింది, వరండాలో ఫ్యాను గిర్రున తిరిగింది. మేం బాగుందనుకున్నాం. అత్త మాత్రం ముద్ద వదిలేసి లేచి, చేయి కడుక్కుని కొంగుకు పొడిగా తుడుచుకుని, చెక్కపీట మీద నిలబడి మెయిన్ ఆపేసింది. స్తంభం మీద న్యూట్రల్, అదే కరెంటు వెనక్కి పోయే తీగ, తెగింది, వీధిలో ఒకరి కరెంటు ఒకరి మీద పడుతోంది అని చెప్పి, పక్కింటివాళ్ళను కేకేసింది. ఆ మాట విన్నవాళ్ళ టీవీలు బతికాయి. మళ్ళీ వచ్చి చల్లారిన అన్నమే తినేసింది.

చిన్న మామయ్యకు ఈ వరండా అంటే వేళాకోళం. కల్లంలో మిరపకాయలు ఎండినన్నాళ్ళూ కాపలాకి లైట్లు కావాలి. స్తంభం నుంచి అంతదూరం రెండో తీగ లాగడం ఎందుకని, మా వైపు చాలామంది చేసేదే ఆయనా చేశాడు. ఒక్క ఫేజు తీగ మాత్రం లాగి, లైట్ల రెండో కొసను నేలలో పాతిన ఇనప ఊచకు చుట్టాడు. లైట్లు మసగ్గా వెలిగితే ఊచ మొదట్లో చెంబుడు నీళ్ళు పోస్తారు. మళ్ళీ వెలుగు వస్తుంది. అందరూ ఇదేదో తెలివి అనుకుంటారు.

అత్త ఆ ఊచను చూసి ఆయన మీద ఎగిరింది. పొడి నేల కరెంటును మింగలేదని, లైట్లు వెలుగుతున్నంతసేపూ ఆ ఊచే కరెంటు తీగ అవుతుందని చెప్పింది. ఆయన నవ్వాడు. "భూమిలోకి పోయే కరెంటు మనిషినేం చేస్తుంది వదినా? మీ బడి పాఠాలు పొలంలో పనికిరావు" అన్నాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను. అత్త ఊరుకోలేదు. "కరెంటుకి మంచివాడూ చెడ్డవాడూ తెలియదయ్యా. దారిస్తే వస్తుంది" అంది. రెండు రోజులకు ఊచ కనపడలేదు. తీసేశానన్నాడు. ఆమె సంతోషించి, రెండో తీగ తనే దగ్గరుండి లాగిస్తానంది. అక్కర్లేదు, వేయించేశాను అన్నాడు.

ఆయన తీసింది ఊచను. దాని తీగను తెచ్చి కల్లం ఇనప గేటుకు అడుగున చుట్టి, పైన గోనెపట్టా కప్పాడు. గేటు స్తంభాలు నేలలోనే ఉన్నాయి కదా అని ఆయన లెక్క. వదిన కంటపడకుండా ఉంటే చాలనుకున్నాడు.

మా ఇళ్ళలో కల్లంలోకి చెప్పులతో అడుగు పెట్టరు. పంట ఉన్న చోటు కాబట్టి గడప బయటే విడుస్తారు. వయసు మీదపడ్డాక అత్త ఒంటికాలి మీద ఆగలేక, గేటు పట్టుకుని చెప్పులు విడిచేది. ఆ సాయంత్రం లైట్లు వేశాక వచ్చింది. కూలీలు చేతులు కడుక్కున్న తడి నేల మీద ఒక కాలు పెట్టి, ఎప్పటిలాగే గేటు పట్టుకుంది. కరెంటు సంగతి అంత తెలిసిన మనిషి ఎలా పట్టుకుందని ఊళ్ళో కొందరు బుగ్గలు నొక్కుకున్నారు. తీసేశానని ఇంట్లో మనిషి చెబితే నమ్మింది, అంతే.

నేను వెళ్ళేసరికి స్నానం చేయిస్తున్నారు. కుడి అరచేతిలో అడ్డంగా తెల్లగా కాలిన గీత కనపడింది. ఇదేమిటి అన్నాను. పెద్దవాళ్ళలో ఒకామె నా చేయి పక్కకు తోసి, ఆ గీత మీద మందంగా పసుపు రాసింది. పోయిన మనిషి తిరిగి రాదు, ఇంటి పరువు తీయకమ్మా అంది. మర్నాడు పొద్దున్నే దహనం అయిపోయింది. కల్లంలో కాయలు తిరగేసే కూలీ ఆమె ఒక్కతే నా దగ్గరికొచ్చి నిజం చెప్పింది. "వైరు గేటుకే ఉందమ్మా. మీరొచ్చేలోపు పీకేశారు" అంది. నాకు ఏడుపు ఆగిపోయింది. దాని బదులు వచ్చింది ఇప్పటిదాకా పోలేదు.

పెదకర్మకు కల్లంలోనే షామియానా వేశారు. ఆ పొద్దున ఎవరూ లేవకముందే వెళ్ళి ఫ్యూజులు పీకి నా సంచిలో వేసుకున్నాను. టెస్టర్ బతికుందో లేదో చూసుకుని, గేటునూ తీగనూ మళ్ళీ మళ్ళీ చూశాను. అప్పుడు గేటు నుంచి పీకి వదిలేసిన ఆ తీగనే తెచ్చి, అందరికీ కనపడేలా, గేటుకు చుట్టాను.

భోజనాల ముందు ఆయన లేచి, వదిన తల్లిలాంటిదని, గుండె జబ్బు ఉన్నట్టు తమకెవరికీ చెప్పలేదని కళ్ళు తుడుచుకున్నాడు. గేటు దగ్గరికి రమ్మన్నాను. వచ్చాడు. తీగను చూశాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"ఎవరమ్మా ఇది కట్టింది?" అన్నాడు.

"ఇవాళ కట్టింది నేను. ఆ రోజు కట్టిందెవరో మీరు చెప్పండి" అన్నాను.

గేటు పట్టుకోమన్నాను. భూమిలోకి పోయే కరెంటు మనిషినేమీ చేయదుగా, చెప్పులు విడిచి పట్టుకోండి అన్నాను. ఆయన చేయి కొంచెం లేచింది. మళ్ళీ లేచింది. తర్వాత రెండు చేతులూ వెనక్కి కట్టుకున్నాడు. నేను చెప్పులు విడిచి, ఆయన ఎదురుగా ఆ గేటును గట్టిగా పట్టుకుని నిలబడ్డాను. వాళ్ళావిడ గొల్లుమంది. గేటులో ప్రాణం లేదని అప్పుడు ఆయనకు తెలిసింది. "నేనే కట్టాను. వదినకి తెలియకుండా కట్టాను" అని అందరి ముందూ నేల మీద కూలబడ్డాడు. పసుపు రాసిన ఆవిడ తల దించుకుంది. నాకు జాలి కలగలేదు. కలగాలని కూడా అనుకోలేదు.

నా పగ అంతటితో తీరిందా అని అడగకండి. అత్త ఉంటే నన్ను తిట్టేదేమో. ఆమెకు మనుషుల మీద కోపం నిలిచేది కాదు. నాకు నిలుస్తుంది. నేను మిమ్మల్ని అడిగేది మాత్రం ఒకటుంది. మీ పొలంలోనో మేడ మీదో ఒక్క తీగతో, నేలను రెండో తీగ చేసి, ఏదైనా వెలిగించుకుంటుంటే ఈ పూటే ఆపించండి. తీసేశామని ఎవరన్నా చెబితే, ఎంత అయినవాళ్ళయినా, మెయిన్ ఆపి మీరే చూసుకోండి.

మొన్న అత్త వాటా కాయలు టిక్కీ బస్తాలకెత్తించడానికి వెళ్ళాను. కల్లంలో స్తంభం నుంచి ఇప్పుడు రెండు తీగలు వస్తున్నాయి. నేను లోపల కాయల రాశి పక్కన కూర్చుని ఉండగా చిన్న మామయ్య వచ్చాడు. గేటు వేసి ఉంది. ఆయన దాని ముందు ఆగి, ఎవరైనా వచ్చి తీస్తారేమోనని అటూ ఇటూ చూశాడు. నన్ను చూశాడు. ఎండ నెత్తిమీదుంది. నేను లేవలేదు.