మామ్మగారి మెచ్చుకోలు

అమలాపురంలో మా పక్కింటి మామ్మగారి నోట 'బాగాలేదు' అన్న మాట నేనెప్పుడూ వినలేదు. కాఫీపొడి నింపిన పాడ్ పెట్టి మీట నొక్కితే కాఫీ దిగే మిషన్ కొన్నప్పుడు, మొదటి కప్పు గర్వంగా ఆవిడకే ఇచ్చాను. ఓ గుక్క తాగి, కాసేపు కప్పుకేసి చూసి, "ఆయ్, కప్పు మంచిది కొన్నేరండీ" అన్నారు. మర్నాడు ఇంకో రకం పాడ్ వేసి ఇచ్చాను. "నురగ భలే వచ్చిందండీ!" అన్నారు. పొంగిపోయి పెట్టెడు పాడ్లు తెప్పించాను.

ఓ పొద్దున్న కరెంటు పోయింది. ఆవిడ దగ్గరే గింజలూ, చేత్తో తిప్పే మరా అరువు తెచ్చి, భుజం లాగేదాకా తిప్పి, డికాషన్ తీసి, పాలు కలిపి ఇచ్చాను. మామ్మగారు మాటామంతీ లేకుండా తాగేశారు. నాకు భయం వేసింది.

"బాలేదాండీ?"

ఆవిడ ఖాళీ గ్లాసు ముందుకు చాపారు. "ఇంకాస్త ఉంటే పొయ్యండి బాబూ."

ఆవిడకి నచ్చడమంటే ఏమిటో అప్పుడు తెలిసింది. సంబరంగా కాఫీ వంపుతున్నవాణ్ణి మధ్యలో ఆగిపోయాను. నా కథల పుస్తకం చదివి ఆవిడ అన్న మాట గుర్తొచ్చింది. దాన్ని నేను ఊరంతా చెప్పుకున్నాను కూడా.

"ఆయ్, అట్ట చాలా బాగుందండీ."